వీలునామా ఎగ్జిక్యూటర్ లెక్క చూపించనంటే ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని ముందు ఒకసారి క్లుప్తంగా చెప్తాను. మీ నాన్నగారు గుంటూరులో కాలం చేసి పద్నాలుగు నెలలైంది. రిజిస్టర్ చేసిన వీలునామా ఉంది. ఇల్లు అమ్మకి, తెనాలి దగ్గర పొలం తమ్ముడికి, "మిగిలిన యావదాస్తి" మీకూ అమెరికాలో ఉన్న మీ చెల్లెలికీ చెరిసగం. ఎగ్జిక్యూటర్, అంటే వీలునామాని అమలు చేసే బాధ్యత అప్పగించిన మనిషి, మీ బాబాయి. మంగళగిరి స్థలం ఆయన అమ్మేశారని మీకు బయటివాళ్ల నోటివెంట తెలిసింది. అడిగితే "ఆసుపత్రి అప్పులు తీర్చాం, మీకు రావాల్సింది వస్తుందిలే, నన్నే అనుమానిస్తారా" అన్నారు. అమ్మేమో బాగుండదు, అడగొద్దంటున్నారు. లెక్క అడిగే హక్కు మీకుందా అన్నది మీ ప్రశ్న.

ఉంది. సివిల్ కోర్టుల్లో ఇలాంటి దావాలు చాలాకాలంగా నడుపుతున్నవాడిగా చెప్తున్నాను, ఇందులో మొహమాటపడాల్సింది మీరు కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 211వ సెక్షన్ ప్రకారం వీలునామా రాసినాయన ఆస్తి ఎగ్జిక్యూటర్‌కి దఖలు పడుతుంది. అయితే అనుభవించడానికి కాదు. అప్పులు తీర్చి, మిగిలింది వీలునామాలో రాసినట్టు పంచడానికి. ఎగ్జిక్యూటర్‌గా ఉండటం ఇష్టం లేకపోతే మొదట్లోనే నా వల్ల కాదని తప్పుకోవచ్చు, ఎవరూ బలవంతపెట్టరు. స్థలం అమ్మి, డబ్బు చేతిలోకి తీసుకున్నాక మాత్రం లెక్క చెప్పనంటే కుదరదు.

ఇంటర్నెట్‌లో వెతికితే మీకు ముందుగా కనపడేది అదే చట్టంలోని 317వ సెక్షన్. ప్రొబేట్ (వీలునామా నిజమైనదని కోర్టు ధ్రువీకరించి ఇచ్చే పత్రం) వచ్చిన ఆరు నెలల్లో ఎగ్జిక్యూటర్ ఆస్తులు, రావాల్సిన బాకీలు, అప్పుల జాబితా కోర్టులో దాఖలు చేయాలి. ఏడాదిలోపు ఏమేం చేతికొచ్చాయి, వాటిని ఏం చేశారు అన్న లెక్క దాఖలు చేయాలి. కోర్టు అడిగినా కావాలని ఎగ్గొడితే, అబద్ధపు జాబితా ఇస్తే నేరం. సరైన కారణం లేకుండా లెక్క ఇవ్వకపోవడం 263వ సెక్షన్ కింద ప్రొబేట్ రద్దుకే ఒక కారణం. చదవడానికి ఎంతో బాగుంటుంది.

చిక్కేమిటంటే ఆ ఆరు నెలలూ, ఆ ఏడాదీ ప్రొబేట్ వచ్చిన తేదీ నుంచి లెక్క. ఆంధ్ర, తెలంగాణల్లోని ఆస్తుల మీద హిందువులు రాసిన వీలునామాకి ప్రొబేట్ తప్పనిసరి కాదు. కాబట్టి మన దగ్గర నూటికి తొంభైమంది దాని జోలికే పోరు. ప్రొబేట్ లేనప్పుడు ఆ గడువు అసలు మొదలే కాదు. 317 ఉటంకించి ఘాటుగా నోటీసు ఇచ్చినవాళ్లకి "ప్రొబేట్ ఎక్కడుంది?" అని ఒక్క వాక్యంలో జవాబొస్తుంది. మీ విషయంలోనూ ప్రొబేట్ లేదు కాబట్టి ఆ దారి వదిలేయండి. మీ బలం వేరేచోట ఉంది. ఎగ్జిక్యూటర్ నష్టం చేసినా, సొమ్ము దారి మళ్లించినా భర్తీ చేయాల్సింది ఆయనే (368వ సెక్షన్). రావాల్సిన ఆస్తిని నిర్లక్ష్యంగా వసూలు చేయకపోయినా అంతే (369). వీలునామా కింద వాటాదారు ఎవరైనా సివిల్ కోర్టులో ఎస్టేటు (పోయినాయన వదిలివెళ్లిన ఆస్తి, అప్పులు మొత్తం) పరిపాలన దావా వేసి లెక్కలు తేల్చమని అడగవచ్చు. దీనికి ప్రొబేట్ అక్కర్లేదు. ఈ దావా వేయగలరన్న సంగతి ఆయనకి తెలిసేలా, అలాగని వేసేదాకా పోకుండా, కాగితాలు రాబట్టుకోవడమే మీరిప్పుడు చేయాల్సిన పని.

మీ వాటా ఎలాంటిదన్నది కూడా ముఖ్యం. మీ అమ్మగారికి ఇల్లు అని పేరు పెట్టి ఇచ్చారు. ఆసుపత్రి ఖర్చు లక్ష అయినా ఆరు లక్షలైనా, ఎస్టేటు అప్పుల్లో మునిగిపోతే తప్ప ఆవిడ ఇంటికి ఢోకా లేదు. మీ ఇద్దరికీ వచ్చేది అన్నీ పోగా మిగిలేది. బాబాయి రాసే ప్రతి రూపాయి ఖర్చూ మీ ఇద్దరి జేబులోంచి పోయేదే. కాబట్టి పూర్తి లెక్క చూడాల్సిన అవసరం ఆ ఇంట్లో అందరికంటే మీకే ఎక్కువ. "తమ్ముడు అడగట్లేదుగా, నీకెందుకు" అంటే ఇదే జవాబు. తమ్ముడికి పొలం వచ్చేసింది, ఆయనకి అడగాల్సిన పని లేదు.

ఇంకో మాట తరచుగా వింటాం: "ఏడాది దాకా ఏమీ అడగకూడదు." సగం నిజం. 337వ సెక్షన్ ప్రకారం పోయిన తేదీ నుంచి ఏడాది వరకు ఎగ్జిక్యూటర్ వాటాలు చెల్లించనక్కర్లేదు. చెల్లించనక్కర్లేదు అంటే చెప్పనక్కర్లేదు అని కాదు. ఎలాగూ మీకు ఆ ఏడాది దాటిపోయింది.

ఇప్పుడు బాబాయితో ఇంకో మాట మాట్లాడకముందే, ఆయన సాయం లేకుండా మీ అంతట మీరు తెచ్చుకోగలిగినవి తెచ్చుకోండి. ఏమీ తెలియకుండా అడిగేవాళ్లకీ సగం తెలిసి అడిగేవాళ్లకీ జవాబులు ఒకేలా రావు.

మొదటిది వీలునామా సర్టిఫైడ్ కాపీ. బాబాయి చూపించిన జిరాక్సు కాదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు కాపీ. వీలునామాలు మూడో నంబరు పుస్తకంలో ఎక్కుతాయి. రాసినాయన బతికుండగా ఆయనకి, ఆయన ఏజెంటుకి తప్ప ఎవరికీ ఇవ్వరు. పోయాక అడిగినవాళ్లెవరికైనా ఇవ్వాలి, రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెప్పేది అదే. మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకెళ్లండి. కాపీ వచ్చాక ఎగ్జిక్యూటర్‌కి అమ్మే అధికారం మీద ఏమైనా షరతు రాశారా అని వాక్యం వాక్యం చదవండి. (వీలునామా రిజిస్టర్ కాలేదు, ఒరిజినల్ ఎవరో దాచిపెట్టారు అనేవాళ్లకి: దాన్ని తెచ్చి కోర్టులో పెట్టమని ఆదేశించే అధికారం వారసత్వ చట్టం 267వ సెక్షన్ కింద జిల్లా జడ్జికి ఉంది.)

రెండోది మంగళగిరి స్థలానికి ఈసీ, అంటే దాని మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే 1983 నుంచి లావాదేవీలు కనపడతాయి. అందులో అమ్మకం దస్తావేజు నంబరు, తేదీ దొరుకుతాయి. ఆ నంబరుతో దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీయండి. కొన్నవాళ్లెవరో, ఎంతకి రాశారో, డబ్బు చెక్కు రూపంలో వచ్చిందా ఇంకెలా వచ్చిందా అన్నది అందులోనే ఉంటుంది. కొన్నది బాబాయి కొడుకో, బావమరిదో అయితే కథ మారిపోతుంది. ఎగ్జిక్యూటర్ నేరుగా గానీ వేరేవాళ్ల పేరు పెట్టి గానీ ఎస్టేటు ఆస్తి కొంటే, ఆస్తిలో ఆసక్తి ఉన్నవాళ్లు ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చని వారసత్వ చట్టం 310వ సెక్షన్ చెప్తోంది. కొన్నది బయటివాళ్లయితే అమ్మకం మీద పోరాటం కన్నా డబ్బు లెక్క మీద పట్టుబట్టడం మేలు. వీలునామాలో అడ్డు రాయకపోతే అమ్మే అధికారం ఆయనకి మామూలుగా ఉంటుంది.

ఆ తర్వాత ఉత్తరం. ఫోన్‌లో వద్దు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. ఆరోపణ ఒక్కటి కూడా ఉండకూడదు. నేనైతే ఇలా రాయిస్తాను:

"బాబాయికి నమస్కారం. నాన్న వీలునామా ప్రకారం ఇల్లు, పొలం పోగా మిగిలిన ఆస్తి నాకూ చెల్లికీ చెందాలి. నాన్న పోయి ఏడాది దాటింది కాబట్టి ఆ మిగిలింది ఎంతో తేల్చుకోవాలనుకుంటున్నాం. నాన్న పోయిన రోజుకి ఉన్న ఆస్తులు, అప్పుల జాబితా. ఆ రోజుకి నెల ముందు నుంచి ఇవాళ్టి వరకు నాన్న ఖాతాల స్టేట్‌మెంట్లు. మంగళగిరి స్థలం అమ్మిన డబ్బు ఏ ఖాతాలో పడిందో ఆ స్టేట్‌మెంటు. ఆసుపత్రి ఫైనల్ బిల్లు, రసీదులు. తీర్చిన అప్పుల తాలూకు నోట్లు, చెల్లు రసీదులు. లాకర్ తెరిచినప్పుడు బ్యాంకు రాసిన జాబితా — వీటి కాపీలు మూడు వారాల్లో పంపగలరు. జిరాక్సు ఖర్చు మేమే పెట్టుకుంటాం. కాపీలు వీలుకాకపోతే మీ దగ్గరికే వచ్చి చూసుకుంటాం, మీకు వీలైన రోజు చెప్పండి."

కింద మీ సంతకం, చెల్లెలి సంతకం. చెల్లెలు తన ఈమెయిల్ నుంచి "ఈ ఉత్తరంలో అడిగినవి నాకూ కావాలి" అని విడిగా పంపితే ఇంకా మంచిది. స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. "ఎంత మిగిలింది?" అని అడిగితే ఒక అంకె వస్తుంది, ఆ అంకెని పట్టుకుని ఏమీ చేయలేరు. అందుకే కాగితాలు అడగాలి. మీరొచ్చి చూసుకుంటామన్న ఆఖరి వాక్యం మాత్రం తీసేయకండి. రేపు కోర్టులో "అడ్డదిడ్డంగా అడిగారు, నాకు తీరిక లేదు" అన్న వాదనకి అదే విరుగుడు.

కాగితాలు వచ్చాక చూడాల్సిన తీరు ఉంది. బాబాయి చెప్పిన ఆసుపత్రి అప్పు నిజమే అయ్యుండొచ్చు. అంత్యక్రియల ఖర్చు, చివరి జబ్బు వైద్యం ఖర్చు మిగతా అప్పులన్నిటికంటే ముందు తీర్చాలని చట్టమే చెప్తోంది. కాబట్టి ఆ పద్దు ఉండటం తప్పు కాదు, అందులో అంకె ఎంతన్నదే చూడాలి. ఉదాహరణకి లెక్కలో "ఆసుపత్రి 6,40,000" అని ఉందనుకోండి. ఫైనల్ బిల్లు చివరి పేజీ తీయండి. మొత్తం 6,40,000 కింద ఇన్సూరెన్స్ చెల్లించింది 4,25,000 అని, పేషెంటు కట్టాల్సింది 2,15,000 అని ఉండొచ్చు. ఎస్టేటు మీద పడేది ఆ చివరి అంకె మాత్రమే. అడ్వాన్సుగా కట్టిన డబ్బు డిశ్చార్జి లెక్కలో తిరిగొచ్చిందా, వస్తే ఏ ఖాతాకి వచ్చింది అన్నది కూడా అదే పేజీలో తేలుతుంది. మనవాళ్లు బిల్లు మొదటి పేజీ చూసి ఆగిపోతారు.

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మరణ తేదీ దగ్గర గీత గీసి, దాని కింద ఏటీఎం విత్‌డ్రాయల్స్ ఉన్నాయా చూడండి. చాలా ఇళ్లలో ఉంటాయి. దినకార్యాలకి తీశామంటారు, నిజమే కావచ్చు. ఐతే ఆ దినకార్యాల ఖర్చు లెక్కలో ఇంకోసారి పడకూడదు. "చేబదుళ్లు తీర్చాం" అన్న పద్దుకి నోటు అడగండి. బాబాయే మీ నాన్నకి అప్పిచ్చానని రాసుకుంటే రాసుకోనివ్వండి, ఆయన బాకీ కూడా బాకీయే. కానీ మిగతా అప్పులవాళ్లతో సమానంగానే తీర్చుకోవాలి, ముందుగా తన వాటా తీసేసుకోవడానికి లేదు. "వారసత్వ పన్ను" అని పద్దు కనపడితే మాత్రం నిలదీయండి. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే ఎత్తేశారు. ఆదాయపు పన్ను వేరు. పంపకం పూర్తయ్యేదాకా వచ్చే వడ్డీ, అద్దె మీద ఎగ్జిక్యూటర్ ఎస్టేటు తరఫున రిటర్న్ వేయాలి. ఆ రిటర్న్ కాపీ అడగండి, వేయలేదంటే అదీ మీకు ఒక సమాచారమే.

డిపాజిట్లు ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియకపోతే నాన్నగారి పాన్ మీద ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఉండే ఏఐఎస్ (వార్షిక సమాచార నివేదిక) చూస్తే చాలావరకు బయటపడుతుంది. ఏ బ్యాంకు ఎంత వడ్డీ ఇచ్చిందో అందులో ఉంటుంది. చట్టబద్ధ ప్రతినిధిగా నమోదు చేసుకుంటే బాబాయి దాన్ని తీయగలరు, ఉత్తరంలో ఆ కాపీ కూడా అడగండి.

స్థలం ధర దగ్గర మాత్రం ఒక కటువైన నిజం చెప్పాలి. దస్తావేజులో రాసింది ప్రభుత్వ విలువకి, చేతులు మారింది అంతకు రెట్టింపు అని ఊరంతా చెప్పుకుంటుంది. చట్టం దృష్టిలో ఎగ్జిక్యూటర్ తన చేతికొచ్చిన ప్రతి రూపాయికీ బాధ్యుడు, తెల్లదీ నల్లదీ అని తేడా లేదు. రుజువు చేయడం మాత్రం మీ మీదే పడుతుంది. ఊరి మాట కోర్టులో నిలబడదు. అదే లేఔట్‌లో ఆ రెండు మూడు నెలల్లో జరిగిన అమ్మకాల దస్తావేజులు, బ్యాంకు రుణం పెట్టి కొన్నవాళ్లుంటే ఆ వాల్యుయేషన్, బేరం మాట్లాడిన మధ్యవర్తి సాక్ష్యం — ఇలాంటివి కావాలి. దొరికితే గట్టిగా పట్టుకోండి. దొరక్కపోతే ఆ ఒక్కదాని కోసం మిగతా లెక్క మొత్తాన్ని ఆపేసుకోవద్దని నా సలహా.

మీరు అడగలేనివీ ఉన్నాయి. బాబాయి సొంత ఖాతా అడగలేరు, ఎస్టేటు డబ్బు అందులో కలిపేస్తే తప్ప. (కలిపేస్తే ఆ కలిసిన ఖాతా అడగొచ్చు. చాలామంది కలిపేస్తారు కూడా.) నాన్న అలా ఎందుకు రాశారు, పొలం తమ్ముడికే ఎందుకిచ్చారు అన్నదానికి ఆయన జవాబు చెప్పాల్సిన పని లేదు. బాబాయి మీద ఆర్‌టీఐ వేయొచ్చా అని కూడా అడుగుతుంటారు. వేయలేరు, ఆయన ప్రభుత్వ సంస్థ కాదు.

నామినీ సంగతి కొంచెం చూసుకోండి, ఎందుకంటే "డిపాజిట్‌కి నామినీ తమ్ముడు, అది లెక్కలోకి రాదు" అని చెప్పే అవకాశముంది. బ్యాంకు డిపాజిట్లలో నామినీ డబ్బు తీసుకునే మనిషే గాని యజమాని కాదని సుప్రీంకోర్టు 2010లో రామ్ చందర్ తల్వార్ కేసులో చెప్పింది. షేర్ల విషయంలో 2023 డిసెంబర్‌లో శక్తి యెజ్దాని కేసులో అదే మాట చెప్పింది. అవి వీలునామా లెక్కలోకే వస్తాయి. జీవిత బీమా దగ్గర జాగ్రత్త. 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ డబ్బు వాళ్లదే అవుతుంది. పాలసీలో అమ్మ పేరుంటే దాన్ని మీ లెక్కలో కలపొద్దు.

మూడు వారాలు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే లాయరు నోటీసు. అప్పటికీ కదలకపోతే వెంటనే దావా వేయమనను. ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ (దావాకి ముందే రాజీ కోసం) దరఖాస్తు పెట్టండి. కోర్టు ఫీజు ఉండదు, బాబాయిని పిలిపిస్తారు, ఒప్పందం కుదిరితే లోక్ అదాలత్ అవార్డు కోర్టు డిక్రీతో సమానం. కోర్టు మెట్లు ఎక్కామన్న పేరు రాకుండా పని జరగాలనే మీ అమ్మగారి లాంటివాళ్లకి ఇది నచ్చుతుంది కూడా. అక్కడా తెగకపోతే పరిపాలన దావా. సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ ఆర్డర్ 13వ రూల్ కింద కోర్టు ముందు ప్రాథమిక డిక్రీ ఇచ్చి లెక్కలు తీయిస్తుంది. దావా నడుస్తుండగా పత్రాలు దాఖలు చేయించమని, మిగిలిన ఆస్తి అమ్మకుండా ఆపమని, అవసరమైతే ఆస్తిని చూసుకోవడానికి కోర్టు తరఫున రిసీవర్‌ని పెట్టమని అడగవచ్చు. ఎగ్జిక్యూటర్‌నే మార్చాలనుకుంటే వారసత్వ చట్టం 301వ సెక్షన్ కింద హైకోర్టుకి వెళ్లాలి. దానికి గట్టి కారణాలు కావాలి, ఆలస్యం ఒక్కటే చాలదు.

పోలీస్ స్టేషన్‌కి మాత్రం మొదట వెళ్లకండి. నమ్మకద్రోహం కేసు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. కాగితాలు చేతిలో లేకుండా వెళ్తే "ఇది సివిల్ తగాదా" అని పంపేస్తారు. బాబాయి ఆ తర్వాత జిరాక్సు కాపీ కూడా ఇవ్వరు.

కాలపరిమితి: ఎగ్జిక్యూటర్ నుంచి వాటా రాబట్టడానికి లిమిటేషన్ చట్టం 106వ ఆర్టికల్ కింద పన్నెండేళ్లు. అది చూసి నింపాదిగా కూర్చోవద్దు. అమ్మకం దస్తావేజు రద్దు చేయించాలంటే విషయం తెలిసిన దగ్గర్నుంచి మూడేళ్లే. ఈసీలో ఆ ఎంట్రీ చూసిన రోజు నుంచైనా మీకు తెలిసినట్టే లెక్క.

చెల్లెలు దావాలో చేరాలంటే మీ పేరున పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే చాలు. భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాలి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ రెండో పని మర్చిపోయి తర్వాత తిప్పలు పడేవాళ్లు చాలామంది.

అమ్మ మాట గురించి: ఆవిడకి చెప్పండి, ఇల్లు తన పేరున మారడానికి కూడా బాబాయి ఒక కాగితం రాసివ్వాలని. వీలునామాలో రాసిన ఆస్తి పూర్తిగా తన హక్కు కావాలంటే ఎగ్జిక్యూటర్ సమ్మతి ఉండాలి (వారసత్వ చట్టం 332వ సెక్షన్). నోటిమాటగా ఇచ్చినా చెల్లుతుంది గాని, మున్సిపల్ ఆఫీసులో నోటిమాట పనికిరాదు. బాబాయికి మీరు రాసే ఉత్తరంలో ఆ సమ్మతి పత్రం కూడా అడిగితే, అది మీ ఇద్దరక్కచెల్లెళ్ల పోరులా కాకుండా ఇంటి పనిలా ఉంటుంది. నా అనుభవంలో అలా అడిగినప్పుడు అమ్మలు కూడా సంతకం పెడతారు.

ఆఖరుగా, ఉత్తరం అందగానే బాబాయి ఒక చెక్కు తెచ్చి "ఇదిగో మీ వాటా, ఇక్కడ సంతకం పెట్టండి" అనే అవకాశం చాలా ఉంది. చెక్కు తీసుకోండి. కాగితం మాత్రం చదవండి. "నా వాటా పూర్తిగా ముట్టినది, ఇకపై ఎట్టి క్లెయిమ్ లేదు" అని ఉంటే ఆ వాక్యం కొట్టేసి, "మిగులు ఆస్తిలో నా వాటా కింద ఇంత మొత్తం అందినది, లెక్కలు చూసిన తర్వాత తుది చెల్లు రాయబడును" అని మీ చేతిరాతతో రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. దానికి ఒప్పుకోకపోతే ఆ రోజుకి చెక్కు ఆయన దగ్గరే ఉండనివ్వండి.